ప్లాన్ ఒక గాలిలో, విమానం ఇంకో గాలిలో: సిమ్‌లో ఈ రెంటినీ కలపడం ఎలా

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో వెదర్ యాడ్-ఆన్ పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది దాన్ని మబ్బుల అందం కోసమే పెట్టుకుంటారు. ప్లాన్ ఒకచోట వేస్తారు, వాతావరణం ఇంకోచోటి నుంచి వస్తుంది, ఎఫ్‌ఎంసీలో (విమానం దారి, ఇంధనం లెక్కకట్టే కంప్యూటర్‌లో) గాలుల పేజీ ఖాళీగానే ఉండిపోతుంది. విమానం ఎగురుతుంది, దిగుతుంది కూడా. కానీ ఇంధనం అనుకున్నదానికంటే టన్ను తక్కువ మిగులుతుంది, డిసెంట్‌లో, అంటే దిగే దశలో, విమానం ఎంతకీ కిందికి రాదు, దిగేచోట ప్లాన్‌లో ఉన్న రన్‌వేకి సరిగ్గా వెనక గాలి తగులుతుంది. ఇవన్నీ విమానం మోడల్‌లో లోపాలని ఫిర్యాదులు వస్తుంటాయి. చాలాసార్లు లోపం అక్కడ లేదు. ఫ్లైట్ ప్లాన్ అంటే దారి ఒక్కటే కాదు, ఆ దారిలో ఆ గంటకు వీచే గాలుల లెక్క కూడా. లెక్కలో వాడిన గాలి, సిమ్‌లో వీచే గాలి వేరైతే మిగిలేది మ్యాప్ మీద గీత మాత్రమే.

ఎంత తేడా వస్తుందో అంకెల్లో చూడండి. 737-800తో 1,500 నాటికల్ మైళ్లు, 450 నాట్ల ట్రూ ఎయిర్‌స్పీడ్ (చుట్టూ ఉన్న గాలిలో విమానం అసలు వేగం). గాలి లేకపోతే 3 గంటల 20 నిమిషాలు. 60 నాట్ల ఎదురుగాలి ఉంటే 3 గంటల 51 నిమిషాలు. ఆ 31 నిమిషాలకు, గంటకు 2.4 టన్నుల చొప్పున, టన్నుంపావు ఇంధనం. ఫైనల్ రిజర్వ్ అని, ఆఖరి అవసరానికి, మనం దాచిపెట్టేది 30 నిమిషాలకే కదా, అంటే గాలి లెక్క ఒక్కటి తప్పితే రిజర్వ్ మొత్తం పోయినట్టే. చిన్న విమానాల్లో దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 110 నాట్లతో వెళ్లే సెస్నా 172కి 30 నాట్ల ఎదురుగాలి వస్తే 200 మైళ్ల దారికి 1 గంట 49 నిమిషాలకు బదులు రెండున్నర గంటలు పడుతుంది. జెట్ నడిపేవాళ్లే గాలి గురించి పట్టించుకోవాలనే అభిప్రాయం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, పిస్టన్ విమానం వాళ్లే ఎక్కువ పట్టించుకోవాలి.

గాలి ఎక్కడినుంచి వస్తుంది

పై గాలులకు ప్లానర్లూ (ప్లాన్ వేసే ప్రోగ్రాములు), వెదర్ ఇంజన్లూ (సిమ్‌కి వాతావరణం పంపే యాడ్-ఆన్‌లు) చాలావరకు వాడేది అమెరికా వాతావరణ సంస్థ నోవా నడిపే జీఎఫ్‌ఎస్ మోడల్. అది రోజుకు నాలుగుసార్లు, 00, 06, 12, 18 యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) గంటలకు నడుస్తుంది. లెక్క పూర్తయి ఫైళ్లు బయటికి రావడానికి మరికొన్ని గంటలు పడుతుంది. కాబట్టి ఏ క్షణంలో చూసినా మన చేతికొచ్చేది ఇప్పటి గాలి కాదు, కొన్ని గంటల కిందట ఇప్పటికోసం వేసిన అంచనా. పావు డిగ్రీ గళ్లలో, ప్రెజర్ లెవెల్స్ వారీగా వస్తుంది: 850 హెక్టోపాస్కల్స్ అంటే దాదాపు 5,000 అడుగులు, 700 అంటే 10,000, 500 అంటే 18,000, 300 అంటే 30,000, 250 అంటే 34,000, 200 అంటే 39,000. మధ్య ఎత్తులకు ఎవరి ఇంటర్‌పొలేషన్ వాళ్లది. ఒకే మోడల్ నుంచి తీసుకున్న రెండు ప్రోగ్రాములు ఎఫ్‌ఎల్ 360 (ఫ్లైట్ లెవెల్, అంటే 36,000 అడుగులు) దగ్గర 5 నాట్ల తేడా చూపించాయంటే కారణం ఇదే. అది తప్పు కాదు.

నేల దగ్గర సంగతి వేరు. అక్కడ మెటార్ ఉంటుంది, విమానాశ్రయం గంటకో అరగంటకో ఇచ్చే కొలత. వెదర్ ఇంజన్ చేసే అసలు పని కింద మెటార్‌ని, పైన మోడల్‌ని పెట్టి రెంటికీ మధ్య అతుకు కనపడకుండా కుట్టడం. అతుకు కనపడేది ఎక్కడంటే, మెటార్ ఆగిపోయేచోట. మెటార్ మబ్బు అడుగు ఎత్తు చెబుతుంది గానీ మబ్బు నెత్తి ఎక్కడుందో చెప్పదు. అమెరికాలోని ఆటోమేటిక్ స్టేషన్లు 12,000 అడుగుల పైన ఉన్న మబ్బును చూడవు. 9999 అని ఉంటే 10 కిలోమీటర్లు లేదా అంతకు మించి కనిపిస్తోందని మాత్రమే అర్థం, అది 12 కావచ్చు, 60 కావచ్చు. ఈ ఖాళీలన్నీ ఇంజన్ మోడల్ చూసి నింపుకుంటుంది. మహాసముద్రం మీద స్టేషన్లే ఉండవు కాబట్టి అక్కడ మొత్తం మోడల్ మీదే నడుస్తుంది. ఇది తెలిస్తే "మెటార్‌లో మబ్బులు లేవు, సిమ్‌లో ఎందుకున్నాయి" అనే ప్రశ్న సగం తీరిపోతుంది.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ దారి వేరు. దాని లైవ్ వెదర్ మెటియోబ్లూ అనే వాతావరణ సంస్థ నుంచి వస్తుంది, 2021 నవంబరులో వచ్చిన సిమ్ అప్‌డేట్ 7 నుంచి విమానాశ్రయాల దగ్గర మెటార్‌ని అందులో కలుపుతున్నారు. ప్లానర్ జీఎఫ్‌ఎస్ మీద లెక్కవేసి, సిమ్ మెటియోబ్లూ గాలి వీస్తే రెండూ అచ్చుగుద్దినట్టు కలవవు. నా అలవాటు ప్రకారం 10–15 నాట్లు, 20 డిగ్రీల లోపు తేడా అయితే పట్టించుకోను. దిక్కే మారిపోయినా, 40 నాట్ల తేడా ఉన్నా అది మోడల్ తేడా కాదు, ఎక్కడో సెట్టింగ్ తప్పింది.

ముందు గడియారం సరిచేయండి

తప్పుల్లో పెద్దపీట గడియారానిదే. సింబ్రీఫ్ అనే ఆన్‌లైన్ ప్లానర్‌లో బయలుదేరే సమయం యూటీసీలో ఇవ్వాలి. అక్కడ లోకల్ టైమ్ కొట్టేస్తే ప్లానర్ ఐదారు గంటలు ముందో వెనకో ఉన్న గాలిని తీసుకుంటుంది, తేదీ మారిపోతే ఏకంగా రేపటి గాలిని. జెట్ స్ట్రీమ్ అంచున వెళ్లే దారిలో ఆరుగంటల తేడా అంటే చాలా ఎక్కువ. రెండో రకం తప్పు: పగటి వెలుతురు కోసం సిమ్ గడియారాన్ని జరపడం. సిమ్‌లో మధ్యాహ్నం అయినా యాడ్-ఆన్ మాత్రం ఈ నిమిషపు వాతావరణమే పంపుతూ ఉంటుంది. వెలుతురు కోసం సమయం మార్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ప్లాన్‌లో మాత్రం అసలు గడియారపు సమయమే ఇవ్వాలి, సిమ్ గడియారం కాదు. పాత తేదీ వాతావరణంలో ఎగరాలంటే యాక్టివ్ స్కై అనే వెదర్ ఇంజన్‌లో ఉన్న హిస్టారికల్ మోడ్ లాంటిది వాడాలి. అప్పుడు మాత్రం ప్లానర్ ఇచ్చే ఇవాళ్టి గాలులు పనికిరావు, ప్లాన్ గాలుల్ని కూడా ఆ ఇంజన్ నుంచే తీసుకోవాలి.

టైమ్ కంప్రెషన్ గురించి ఎవరూ చెప్పరు గానీ చెప్పుకోవాల్సిన విషయం. 6 గంటల ప్రయాణాన్ని 4 రెట్ల వేగంతో నడిపితే గంటన్నరలో అయిపోతుంది. ప్లాన్ చివరి వేపాయింట్లకు (దారిలోని గుర్తు బిందువులకు) వాడింది ఆరుగంటల తరవాతి గాలి అంచనా. ఇంజన్ అక్కడ మీకిచ్చేది గంటన్నర తరవాతి గాలి. పైగా ఇంజన్ రిఫ్రెష్ అయ్యేది అసలు గడియారం ప్రకారమే కాబట్టి, రెండు అప్‌డేట్‌ల మధ్య విమానం నాలుగింతల దూరం దాటేస్తుంది, గాలి ఒక్కసారిగా మారినట్టు అనిపిస్తుంది. కంప్రెషన్ వాడక తప్పకపోతే స్థిరంగా ఉన్న క్రూయిజ్ ముక్కలోనే వాడి, టాప్ ఆఫ్ డిసెంట్‌కి (దిగడం మొదలయ్యే చోటుకి) 20 నిమిషాల ముందే మామూలు వేగానికి రండి.

పని వరస

నేను గట్టిగా చెప్పే వరస ఇది. మొదట ఎయిరాక్ సైకిల్ చూడండి. నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది. ప్లానర్‌లో ఒక సైకిల్, విమానం ఎఫ్‌ఎంసీలో ఇంకొకటి, వెదర్ ఇంజన్‌లో మూడోది ఉంటే, కొత్తగా పుట్టిన ఫిక్స్ (పేరు పెట్టిన దారి బిందువు) ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఎఫ్‌ఎంసీ "డేటాబేస్‌లో లేదు" అని నోరు తెరిచి చెబుతుంది. వెదర్ ఇంజన్ అలా చెప్పకపోవచ్చు, ఆ పాయింట్‌ని వదిలేసి దారిని నేరుగా కలిపేయవచ్చు. సింబ్రీఫ్ ఉచిత ఖాతాకు పాత సైకిలే దొరుకుతుంది, నావిగ్రాఫ్ (ఆ డేటా అమ్మే సంస్థ) చందా ఉంటే తాజాది. పాతదే వాడుతున్నా ఫరవాలేదు, అన్నిచోట్లా అదే పాతది ఉంటే.

తరవాత వెదర్ ఇంజన్‌ని తెరిచి డేటా దించుకోనివ్వండి, ఆపై ప్లాన్ వేయండి. బయలుదేరడానికి ముందురోజు రాత్రి వేసిన ప్లాన్‌తో పొద్దున్నే ఎగరకండి, మళ్లీ జనరేట్ చేయండి. దారీ, ఎత్తూ మారకపోయినా గాలీ ఇంధనమూ మారతాయి. ఓఎఫ్‌పీ (ప్లానర్ ఇచ్చే పూర్తి ప్రయాణ పత్రం) వచ్చాక పై పేజీలో రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి: సగటు విండ్ కాంపొనెంట్ (దారి వెంబడి తగిలే గాలి భాగం), సగటు ఐసా డీవియేషన్ (ప్రామాణిక వాతావరణపు ఉష్ణోగ్రత నుంచి తేడా). గాలి అంకె ముందు ఎం ఉంటే మైనస్, అంటే ఎదురుగాలి. పీ ఉంటే ప్లస్, వెనక గాలి. ఎం 045 అంటే సగటున 45 నాట్లు మీకు ఎదురు.

ఇప్పుడు అదే ప్లాన్‌ని వెదర్ ఇంజన్‌కి ఇవ్వండి. చాలామంది దాటేసే మెట్టు ఇది. ప్లాన్ ఇవ్వకపోయినా ఇంజన్ విమానం చుట్టూ వాతావరణం తెస్తుంది కదా, ఎందుకు ఇవ్వాలి అంటారు. ప్లాన్ ఉంటే అది ప్రతి వేపాయింట్ దగ్గరా మీ క్రూయిజ్ ఎత్తులో గాలి, ఉష్ణోగ్రత లెక్కకట్టి బ్రీఫింగ్ ఇస్తుంది, గమ్యం, ఆల్టర్నేట్‌ల (గమ్యంలో దిగలేకపోతే వెళ్లే విమానాశ్రయాల) మెటార్, టాఫ్ (విమానాశ్రయ వాతావరణ అంచనా) ముందే చూపిస్తుంది, దారిలో కుదుపుల ముప్పు ఎక్కడుందో చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, సిమ్‌లో నిజంగా వీయబోయే గాలి ఏదో ఇంజన్ నోటితోనే వింటారు. ఆ బ్రీఫింగ్‌లోని సగటు కాంపొనెంట్‌నీ ఓఎఫ్‌పీలోని సగటునీ పక్కపక్కన పెట్టండి. 10 నాట్ల లోపు తేడా ఉంటే ఇంధనం గురించి బెంగ అక్కర్లేదు. 30 నాట్లు ఉంటే విమానం ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఆగి కారణం వెతకండి, గాల్లోకి వెళ్లాక వెతికి లాభం లేదు.

ఇంజన్‌కి ప్లాన్ ఇచ్చేటప్పుడు క్రూయిజ్ ఎత్తు, ట్రూ ఎయిర్‌స్పీడ్ రెండూ సరిగ్గా చేరాయో లేదో కంటితో చూడండి. పీఎల్‌ఎన్ ఫైలు (మైక్రోసాఫ్ట్ సిమ్‌ల ప్లాన్ ఫైలు) ఎఫ్‌ఎస్‌ఎక్స్ (పాత ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) కాలం నుంచీ ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉన్న సాదా టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో క్రూయిజింగ్ ఎత్తు అడుగుల్లో ఉండాలి, 35000 అని. కొన్ని ఎక్స్‌పోర్ట్‌లలో అక్కడ సున్నానో, 350 అనో పడుతుంది. 350 అడుగుల ఎత్తులో గాలులు తీసుకున్న బ్రీఫింగ్ చూడ్డానికి ముచ్చటగా, ప్రశాంతంగా ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వేగం పెట్టకపోతే ఇంజన్ తన డిఫాల్ట్ వేగంతో సమయాలు కడుతుంది, ఆ సమయాలు మీ ఓఎఫ్‌పీతో కలవవు.

ఇంకొన్ని ఫైలు తగాదాలు. ఒకే పేరున్న ఫిక్స్‌లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. పీఎల్‌ఎన్‌లో అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి కాబట్టి గందరగోళం తక్కువ, రూట్‌ని టెక్స్ట్‌గా అతికిస్తే మాత్రం ఇంజన్ వేరే ఖండంలోని పాయింట్‌ని పట్టుకునే ప్రమాదం ఉంది. మొత్తం దూరం ఓఎఫ్‌పీ కంటే వేల మైళ్లు ఎక్కువ చూపిస్తే కారణం ఇదే. ఎస్ఐడీ, స్టార్ (బయలుదేరే, చేరే ప్రామాణిక దారులు) లేకుండా ఎక్స్‌పోర్ట్ అయితే దూరం కొన్ని పదుల మైళ్లు తగ్గుతుంది, అది పెద్ద సమస్య కాదు. ఎక్స్-ప్లేన్ ఎఫ్‌ఎంఎస్ ఫైళ్లలో 11వ వెర్షన్‌తో వచ్చిన 1100 రూపం, అంతకుముందటి పాత రూపం రెండూ తిరుగుతున్నాయి. పాతదాంట్లో ప్రొసీజర్ల వివరం ఉండదు. అవుట్‌పుట్ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎంఎస్ ప్లాన్స్ లోపల పెడితేనే విమానానికి కనిపిస్తుంది. ఇక స్టెప్ క్లైంబ్ (మధ్యలో మెట్టుమెట్టుగా ఎత్తు పెంచడం) ఉన్న పొడవాటి దారుల్లో ఇంజన్‌కి వెళ్లేది మొదటి ఎత్తు ఒక్కటే. ఎఫ్‌ఎల్ 320 నుంచి 360కి ఎక్కాక ఇంజన్‌లో ఎత్తు మార్చకపోతే దాని అంచనాలన్నీ కింది గాలితోనే సాగుతాయి. విమానం చుట్టూ వీచే గాలికి ఏమీ కాదు, బ్రీఫింగే తప్పుతుంది.

ఎఫ్‌ఎంసీకి గాలి చెప్పడం

ఇంత చేసి ఎఫ్‌ఎంసీలో గాలి పెట్టకపోతే సగం పనే అయింది. సిమ్ విమానాల ఎఫ్‌ఎంసీలకు గాలి వెళ్లే దారులు మూడు. ఫైలు ద్వారా: పీఎండీజీ అనే సంస్థ చేసే సిమ్ విమానాలకు రూట్ ఫైలుతో పాటు డబ్ల్యూఎక్స్ అనే గాలుల ఫైలు విడిగా ఉంటుంది, సింబ్రీఫ్ రెండూ ఇస్తుంది. గాలుల ఫైలు పేరు రూట్ పేరుతో కలవాలి, లోపలి వేపాయింట్లు ఎఫ్‌ఎంసీలో ఉన్న వేపాయింట్లతో కలవాలి. రూట్‌ని చేత్తో మార్చి పాత గాలుల ఫైలుతో అప్‌లింక్ (గాలుల్ని ఎఫ్‌ఎంసీలోకి తెప్పించడం) అడిగితే కొన్ని పాయింట్లకు గాలి వచ్చి మిగతావి ఖాళీగా ఉంటాయి. రెండో దారి వెదర్ ఇంజన్ రాసే ఫైలు: యాక్టివ్ స్కై ప్లాన్ ఎక్కించాక దారి గాలులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాస్తుంది, దాన్ని చదవగలిగే విమానాలున్నాయి. నాకు ఈ దారే ఇష్టం, ఎందుకంటే ఎఫ్‌ఎంసీకి చేరేది సిమ్‌లో వీచే గాలే. మూడోది చేత్తో కొట్టడం.

చేత్తో కొట్టేటప్పుడు ప్రతి వేపాయింట్‌కీ కొట్టనక్కర్లేదు. గాలి 15 నాట్లకు మించి మారేచోట, లేదా దిక్కు 30 డిగ్రీలకు మించి తిరిగేచోట కొడితే చాలు. బోయింగ్ పద్ధతిలో ఒక పాయింట్‌కి ఇచ్చిన గాలి తరవాతి పాయింట్లకు తనంతట తానే సాగుతుంది. ఇక్కడ ఇచ్చే దిక్కు ట్రూ నార్త్ నుంచి. మెటార్‌లో గాలి కూడా ట్రూ. టవర్ చెప్పేదీ, ఏటిస్‌లో (విమానాశ్రయపు రికార్డు ప్రసారంలో) వినపడేదీ మాగ్నెటిక్. బాగా ఉత్తరాన వేరియేషన్ (ట్రూకీ మాగ్నెటిక్‌కీ తేడా) పెద్దది, క్రాస్‌విండ్ లెక్కలో ఈ రెంటినీ కలగలిపేస్తే లిమిట్ దాటిన గాలిని దాటలేదనుకుంటారు.

డిసెంట్ గాలులు క్రూయిజ్ గాలుల కంటే ముఖ్యమని నా నమ్మకం, వాటిని పెట్టేవాళ్లు మాత్రం చాలా తక్కువ. లెక్క చూడండి. 35,000 అడుగుల నుంచి దిగడానికి సుమారు 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలూ సగటున 30 నాట్ల వెనక గాలి ఉంటే విమానం గాలి లేనప్పటికంటే 10 మైళ్లు ముందుకు కొట్టుకుపోతుంది. మైలుకు 300 అడుగుల లెక్కన 3,000 అడుగులు ఎత్తులో ఉండిపోయినట్టు. వీనావ్ (ఎత్తును నడిపే ఆటోపైలట్ మోడ్) స్పీడ్ బ్రేక్ అడుగుతుంది, అది లాగితే వణుకు, లాగకపోతే ఓవర్‌స్పీడ్. 737లో డిసెంట్ ఫోర్‌కాస్ట్ పేజీలో మూడు ఎత్తులకు గాలి ఇవ్వొచ్చు. నేనైతే 30,000, 18,000, 10,000 దగ్గర ఇస్తాను. గాలి ఎక్కడో ఒకచోట హఠాత్తుగా తగ్గిపోతుంటే ఆ ఎత్తుని మధ్యదానికి బదులు పెట్టండి. అదే పేజీలో ఐసా డీవియేషన్, గమ్యం క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టే అక్కడి పీడనం), యాంటీ-ఐస్ ఏ ఎత్తుల మధ్య ఆన్‌లో ఉంటుందో కూడా ఇవ్వాలి. యాంటీ-ఐస్ ఆన్ చేస్తే ఐడిల్ థ్రస్ట్ పెరిగి విమానం నెమ్మదిగా దిగుతుంది, ఆ సంగతి ముందే తెలిస్తే ఎఫ్‌ఎంసీ టాప్ ఆఫ్ డిసెంట్‌ని ఇంకా ముందే వచ్చేలా జరుపుకుంటుంది. ఎయిర్‌బస్‌లో క్లైంబ్, క్రూయిజ్, డిసెంట్ గాలులకు వేరువేరు పేజీలుంటాయి, ట్రోపోపాజ్ (పైకెళ్లేకొద్దీ గాలి చల్లబడటం ఆగే చోటు) ఎత్తు కూడా అడుగుతుంది. ఏమీ ఇవ్వకపోతే 36,090 అడుగులు అనుకుంటుంది. భూమధ్యరేఖ దగ్గర ట్రోపోపాజ్ 50,000 అడుగులు దాటి ఉంటుంది, ధ్రువాల దగ్గర 30,000కి కూడా రాకపోవచ్చు. ఓఎఫ్‌పీలో ఉన్న అంకె చూసి కొట్టడానికి ఐదు సెకన్లు పడుతుంది.

ఏ సిమ్‌లో ఏం చెడుతుంది

ఎఫ్‌ఎస్‌ఎక్స్, ప్రీపేర్3డీలలో పెద్ద జబ్బు గాలి దూకడం. వాటి వాతావరణం స్టేషన్ల మీద ఆధారపడినది, రెండు స్టేషన్ల మధ్య గాలి మెల్లగా మారకుండా గబుక్కున తిరిగితే 40 నాట్ల వెనక గాలి కాస్తా ఎదురుగాలవుతుంది, క్రూయిజ్‌లో ఓవర్‌స్పీడ్ గంట మోగి ఆటోపైలట్ వదిలేస్తుంది. యాక్టివ్ స్కై లాంటి ఇంజన్‌లో స్మూతింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎఫ్‌ఎస్‌యూఐపీసీ అనే యాడ్-ఆన్‌లో కూడా స్మూతింగ్ ఉంది, కానీ రెండూ ఒకేసారి పెట్టకండి, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. సిమ్ సొంత రియల్ వెదర్ ఆపేయండి. వాతావరణం ఎక్కించే ప్రోగ్రాము ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. రెక్స్ లాంటిది మబ్బుల టెక్స్చర్ల కోసం వాడుకుంటే దాని వెదర్ ఇంజన్‌ని ఆపి టెక్స్చర్లు మాత్రమే వాడండి.

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో మబ్బులున్న వాతావరణాన్ని పూర్తిగా, చోటుకొకటిగా ఎక్కించే దారి బయటివాళ్లకు ఇవ్వలేదు. అందుకని యాడ్-ఆన్‌లు ప్రీసెట్‌ల మీద పనిచేస్తాయి. ప్రీసెట్ అంటే ప్రపంచమంతా ఒకటే వాతావరణం. మీరు కదిలేకొద్దీ యాడ్-ఆన్ దాన్ని మారుస్తూ పోతుంది. మీ చుట్టూ ఉన్నది మెటార్‌కి దగ్గరగా ఉంటుంది, కానీ 80 మైళ్ల ముందున్న తుపాను గోడ దూరం నుంచి కనిపించదు, దగ్గరికెళ్లాకే పుడుతుంది. లైవ్ వెదర్‌లో ఆ గోడ దూరం నుంచే కనిపిస్తుంది గానీ, దిగేచోట గాలి మెటార్‌తో అచ్చంగా కలవకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ సిమ్ కోసం వచ్చిన యాక్టివ్ స్కైలో యాక్టివ్, పాసివ్ అని రెండు మోడ్‌లు పెట్టింది ఇందుకే. నా సలహా: దారి పొడవునా మబ్బుల నిర్మాణం చూడాలనిపించే పొడవాటి ప్రయాణాలకు లైవ్ వెదర్‌తో పాసివ్, తక్కువ విజిబిలిటీలో అప్రోచ్ సాధన చేయాలంటే యాక్టివ్. లైవ్ వెదర్‌తో వెళ్తుంటే వెదర్ ప్యానెల్‌లో లైవ్ నిజంగా పనిచేస్తోందో లేదో చూసుకోండి. సర్వర్ అందకపోతే ఆకాశం నిర్మలంగా, గాలి ఒకే దిక్కున నిశ్చలంగా ఉంటుంది. మెటార్ 24 నాట్లంటుంటే సిమ్‌లో 3 నాట్లుంటే ప్లాన్‌లో లోపం వెతకొద్దు, నెట్ చూసుకోండి.

ఎక్స్-ప్లేన్ 12లో రియల్ వెదర్ జీఎఫ్‌ఎస్ నుంచీ మెటార్ నుంచీ వస్తుంది, జీఎఫ్‌ఎస్ మీద లెక్కవేసిన ప్లాన్‌తో బాగా కలుస్తుంది. ఇక్కడ వెదర్ ప్లగిన్ పెడితే సిమ్ వెదర్‌ని మాన్యువల్‌లో పెట్టాలా, రియల్‌లో ఉంచాలా అన్నది ఆ ప్లగిన్ సూచనల్లోనే ఉంటుంది, ఊహించకండి. ఎక్స్-ప్లేన్ 11 కోసం రాసిన ప్లగిన్‌లు 12లో చాలావరకు పనికిరావు, వాతావరణ వ్యవస్థే మారిపోయింది.

లిటిల్ నావ్‌మ్యాప్ గురించి ఒక మాట. ఉచితం, నోవా గాలుల్ని తనే దించుకుని ప్లాన్ మీద పరుస్తుంది, యాక్టివ్ స్కై రాసే వాతావరణం ఫైలు నుంచి మెటార్లు చదువుతుంది, అన్ని సిమ్‌ల రూపాల్లోకీ ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. చిన్న విమానాలకు 3,000, 5,000, 7,000 అడుగుల గాలులు పోల్చి ఏ ఎత్తులో వెళ్తే మంచిదో తేల్చుకోవడానికి దీన్ని మించింది నాకు కనపడలేదు.

ఆల్టిమీటర్ చిక్కు

మైక్రోసాఫ్ట్ సిమ్‌లో ఎఫ్‌ఎల్ 350లో స్థిరంగా వెళ్తుండగా మ్యాప్ ప్రోగ్రాము 36,400 అని చూపిస్తే కంగారుపడకండి. గాలి ఐసా కంటే 10 డిగ్రీలు వేడిగా ఉంటే నిజమైన ఎత్తు, ఆల్టిమీటర్ చూపే ఎత్తు కంటే సుమారు 4 శాతం ఎక్కువ. 35,000లో 4 శాతం 1,400. భౌతికశాస్త్రం ప్రకారం అది సరైనదే. ఎఫ్‌ఎస్‌ఎక్స్ వంశం దీన్ని లెక్కలోకి తీసుకోదు కాబట్టి అక్కడినుంచి వచ్చినవాళ్లకు కొత్తగా అనిపిస్తుంది. ఐసా ప్రకారం 35,000 అడుగుల దగ్గర ఉండాల్సింది మైనస్ 54 డిగ్రీలు. బయటి ఉష్ణోగ్రత మైనస్ 44 ఉందంటే ఐసా ప్లస్ 10, ఓఎఫ్‌పీలో పీ 10 అని ముందే రాసి ఉంటుంది.

కింద మాత్రం క్యూఎన్‌హెచ్ తేడా నిజంగా ఇబ్బంది. ఒక హెక్టోపాస్కల్‌కి 27 నుంచి 30 అడుగులు. ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ప్రోగ్రాము ఒక మెటార్ చదివి 1003 అంటూ, సిమ్‌లో ఇంకా గంట కిందటి 1009 ఉంటే, ఏటీసీ మాట విని సెట్ చేసినవాళ్ల ఆల్టిమీటర్ ఆరు హెక్టోపాస్కల్‌ల మేర, 160 అడుగులకు పైగా, తక్కువ చూపిస్తుంది. నేలమీద ఉన్నప్పుడే ఫీల్డ్ ఎలివేషన్‌తో పోల్చి చూస్తే దొరికిపోతుంది. ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో కంట్రోలర్ ఇచ్చిందే పెట్టాలి, కాబట్టి అక్కడ హిస్టారికల్ మోడ్, కస్టమ్ వాతావరణం పెట్టుకుని వెళ్లకండి. మీ ఒక్కరికే వేరే గాలి వీస్తుంటే అందరూ వాడుతున్న రన్‌వే మీకు వెనక గాలిదవుతుంది.

గాల్లో

క్రూయిజ్‌లోకి చేరాక మొదటి మూడు వేపాయింట్ల దగ్గర నావిగేషన్ డిస్‌ప్లేలోని గాలిని ఓఎఫ్‌పీలో ఆ వరసలో ఉన్న గాలితో పోల్చండి, పక్కనే మిగిలిన ఇంధనం రాసుకోండి. గాలి కలుస్తూ ఇంధనం తగ్గుతుంటే విమానం ప్రొఫైల్ తప్పు: ప్లానర్‌లో వేరే ఇంజన్ రకం, లేదా బరువు, లేదా కాస్ట్ ఇండెక్స్ (వేగానికీ ఇంధనానికీ మధ్య బేరం చెప్పే అంకె). ఇంధనం కలుస్తూ గాలి కలవకపోతే కాస్త ఆగి చూడండి, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ ఉండొచ్చు. రెండూ తప్పుతుంటే ముందు డిస్‌ప్లేలోని ఎత్తు, ఓఎఫ్‌పీ వరసలోని ఎత్తు ఒకటేనా చూడండి. 4,000 అడుగులు కింద ఉండిపోతే జెట్ స్ట్రీమ్ గాలి 30 నాట్లు మారిపోవడం మామూలే.

మధ్యలో డైరెక్ట్ తీసుకున్నా, దారి మళ్లినా ఎఫ్‌ఎంసీలో కొత్త పాయింట్లకు గాలి ఉండదు, వెదర్ ఇంజన్‌లో పాత దారే ఉంటుంది. తుపాను తప్పించుకోవడానికి 20 మైళ్లు పక్కకు జరగడానికి ఏమీ చేయనక్కర్లేదు. ఆల్టర్నేట్‌కి మళ్లితే మాత్రం ఇంజన్‌లో గమ్యం మార్చి, ఆ చోటి తాజా మెటార్ తెప్పించుకుని, డిసెంట్ ఫోర్‌కాస్ట్‌లో క్యూఎన్‌హెచ్, గాలులు మూడూ మళ్లీ కొట్టండి. ఓఎఫ్‌పీలో ఆల్టర్నేట్‌కి రాసిన ఇంధనం అసలు గమ్యం దాకా వెళ్లి, గో-అరౌండ్ చేసి, అక్కడినుంచి మళ్లే లెక్క. మీరు మళ్లుతున్నది దారి మధ్యలోంచి కాబట్టి ఆ అంకె మీద ఆధారపడకుండా, ఎఫ్‌ఎంసీలో కొత్త గమ్యానికి చూపించే మిగులు నుంచి ఫైనల్ రిజర్వ్ తీసేసి చూడండి.